ఎలిజబెత్కింగియా జీనోమ్‌లో యాంటీబయోటిక్ రెసిస్టెన్స్ ఎలా వెతకాలి: కల్చర్ ప్లేటు నుంచి మొదలుపెట్టి

మొన్న ఒక పీజీ అమ్మాయి అడిగింది, "అక్కా, బ్యాక్టీరియాని సీక్వెన్స్ చేయించి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే రెసిస్టెన్స్ జీన్స్ లిస్ట్ వచ్చేస్తుంది కదా, ఇంక థీసిస్‌కి ఏం మిగులుతుంది" అని. లిస్ట్ రావడానికి అరగంట చాలు, అది నిజమే. కానీ ఆ లిస్ట్‌లో ఉన్న జీన్ నిజంగా పనిచేస్తోందా, లిస్ట్‌లో లేనిది బ్యాక్టీరియాలో కూడా లేనట్టేనా, అసలు మనం సీక్వెన్స్ చేసింది మనం అనుకున్న బ్యాక్టీరియానేనా, ఇవి తేల్చుకోవడానికే నెలలు పడుతుంది. అందుకే ఆ అమ్మాయికి చెప్పిందంతా ఇక్కడ వరసగా రాస్తున్నా, ఉదాహరణకి ఎలిజబెత్కింగియా అనోఫెలిస్‌ని తీసుకుంటున్నా, ఎందుకంటే పైన అడిగిన మూడు ప్రశ్నలకీ ఇంత బాగా పాఠం చెప్పే బ్యాక్టీరియా నాకు ఇంకోటి కనపడలేదు.

ముందు దీని సంగతి కొంచెం. అమెరికా సీడీసీలో (అంటువ్యాధుల నియంత్రణ సంస్థ) పనిచేసిన ఎలిజబెత్ కింగ్ 1959లో పసిపిల్లల మెనింజైటిస్‌తో ముడిపడ్డ ఒక బ్యాక్టీరియాని వర్ణించింది, 2005లో ఆ గుంపుకి ప్రత్యేకంగా జీనస్ (దగ్గరి జాతుల వర్గం) కట్టినప్పుడు ఆవిడ పేరే పెట్టారు. అనోఫెలిస్ అనే జాతిని 2011లో అనోఫిలిస్ దోమ పేగులోంచి తీసి వర్ణించారు, పేరు అలా వచ్చింది. పేరు చూసి దోమ కుడితే వస్తుందనుకోకండి, మనుషులకి అలా వస్తోందని ఆధారం లేదు. హాస్పిటల్లో ఇది ఎక్కువగా తడి ఉన్న చోట ఉంటుంది, సింకులు, ట్యాపులు, వెంటిలేటర్ నీళ్లు. నెలలు నిండని పిల్లలు, ఐసీయూలో ఉన్నవాళ్లు, పెద్ద వయసులో షుగరో క్యాన్సరో ఉన్నవాళ్లు, వీళ్లకే ప్రమాదం.

ఇంత పట్టించుకోవడం ఎందుకంటే, గ్రామ్ నెగటివ్ (బ్యాక్టీరియాలో ఒక పెద్ద వర్గం) సెప్సిస్ అని అనుమానం రాగానే డాక్టర్లు మెరోపెనెం (కార్బపెనెమ్ కోవకి చెందిన మందు) మొదలుపెడతారు, అది పనిచేయకపోతే కొలిస్టిన్. ఇది మామూలుగా ఆ రెండిటికీ లొంగదు, అది కూడా బయటినుంచి జీన్ తెచ్చుకుని కాదు, పుట్టుకతోనే. రిపోర్ట్ వచ్చేలోపు రెండు మూడు రోజులు పేషెంట్‌కి పనికిరాని మందు ఎక్కుతూ ఉంటుంది. ఇంక్యుబేటర్‌లో ఉన్న కిలోన్నర బిడ్డకి ఆ రెండు రోజులు అంటే ఏంటో ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

సరే, పనిలోకి వద్దాం.

మొట్టమొదట ప్లేటు. సీక్వెన్సింగ్ గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని దాటేస్తారు, కానీ నా అనుభవంలో పాడయ్యేది ఇక్కడే. బ్లడ్ ఆగర్ మీద 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచితే బాగానే పెరుగుతుంది, మెకాంకీ ఆగర్ మీద మాత్రం సాధారణంగా పెరగదు, పెరిగినా అంతంతమాత్రం. ఆక్సిడేజ్ పాజిటివ్, ఇండోల్ పాజిటివ్, కదలిక ఉండదు. ఒక్క కాలనీని తీసుకుని మళ్లీ స్ట్రీక్ చేయండి (కొత్త ప్లేటు మీద పలచగా గీయండి), దాంట్లోంచి ఒక్క కాలనీ తీసి ఇంకోసారి చేయండి, అప్పుడు గ్లిసరాల్‌లో పెట్టి మైనస్ 80లో దాచండి, డీఎన్‌ఏ తీసేదీ ఎంఐసి (బ్యాక్టీరియా పెరుగుదలని ఆపే మందు కనీస మోతాదు) చేసేదీ రెండూ ఆ స్టాక్ నుంచే అవ్వాలి. ఒకసారి మేం తొందరలో మొదటి ప్లేటు నుంచే డీఎన్‌ఏ తీసి పంపాం, అసెంబ్లీ (ముక్కలుగా చదివిన డీఎన్‌ఏని అతికించి కట్టిన జీనోమ్) చూస్తే కోటి బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు) దాటింది, ఈ బ్యాక్టీరియా జీనోమ్ 40 లక్షలే కదా, మిగతా అరవై లక్షలు ఎక్కడివని చూస్తే దాంట్లో సూడోమోనాస్ కలిసి ఉంది. కంటికి ప్లేటు మీద ఒకే రకం కాలనీలు కనపడ్డాయి, అదీ సంగతి. అప్పటికే రెసిస్టెన్స్ జీన్స్ లిస్ట్ తీసేశాం, చాలా పెద్దగా వచ్చింది, అందులో సగం పక్కవాడివి. అసెంబ్లీ సైజు చూడకుండా లిస్ట్ నమ్మి ఉంటే దాన్నే అచ్చేసేవాళ్లం.

తర్వాత పేరు తేల్చుకోవడం. హాస్పిటల్ ల్యాబ్‌లో ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ మెషిన్లు, మాల్డి టాఫ్ (ప్రోటీన్లు చూసి బ్యాక్టీరియా పేరు చెప్పే మెషిన్) పాత డేటాబేస్‌లు, అనోఫెలిస్‌ని మెనింగోసెప్టికా (ఇదే జీనస్‌లో ఇంకో జాతి) అని చెప్పడం చాలాచోట్ల జరిగింది. సింగపూర్‌లో 2012లో ఐసీయూల్లో వచ్చిన ఔట్‌బ్రేక్‌ని మొదట మెనింగోసెప్టికా అనే అచ్చువేశారు, తర్వాత జీనోమ్ చూస్తే అది అనోఫెలిస్ అని తేలింది. అంటే పాత పేపర్లలో మెనింగోసెప్టికా అని ఉన్నవాటిలో ఎన్ని నిజంగా అదేనో అనుమానంతోనే చదవాలి. పదహారు ఎస్ (బ్యాక్టీరియా పేరు తేల్చడానికి మామూలుగా చదివే జీన్) సీక్వెన్స్ కూడా ఈ జీనస్‌లో జాతుల్ని గట్టిగా విడదీయలేదు, కాబట్టి దాంతో ఆగిపోకండి, జీనోమ్ వచ్చాక ఫాస్ట్ఏఎన్ఐ అనే టూల్‌తో టైప్ స్ట్రెయిన్‌లన్నిటితో (ఒక్కో జాతికీ ప్రమాణంగా పెట్టుకున్న నమూనాలు) పోల్చండి, అనోఫెలిస్ టైప్ స్ట్రెయిన్ పేరు ఆర్26. 95, 96 శాతం దాటితే అదే జాతి. పోల్చేటప్పుడు డేటాబేస్‌లో ఎండోఫైటికా అన్న పేరు కనపడితే కంగారు పడకండి, అది అనోఫెలిస్సేనని 2016లో తేలిపోయింది, పాత ఎంట్రీలు అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు ఎంఐసి. జీనోమ్ స్టడీ కదా, ఇది ఎందుకు అనేవాళ్లున్నారు, దయచేసి అలా అనుకోకండి, ప్లేటు మీద ఫలితం పక్కన లేకపోతే జీన్ లిస్ట్‌కి అర్థం చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. డిస్క్ పెట్టి జోన్ కొలవడం ఈ బ్యాక్టీరియా విషయంలో నమ్మకమైంది కాదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయండి. కంట్రోల్‌గా ఈ కోలై ఏటీసీసీ 25922, సూడోమోనాస్ ఏటీసీసీ 27853 ప్రతి బ్యాచ్‌లో పెట్టండి, అవి రేంజ్‌లో రాకపోతే ఆ రోజు రీడింగులన్నీ పక్కన పడేయండి. సీఎల్ఎస్ఐలో (ల్యాబ్ ప్రమాణాలు పెట్టే సంస్థ) దీనికంటూ ప్రత్యేకంగా బ్రేక్‌పాయింట్లు (ఎంఐసి ఎంత దాటితే మందు పనిచేయదో చెప్పే గీతలు) లేవు, ఎంటరోబ్యాక్టరేల్స్ (ఈ కోలై లాంటివి) కాని ఇతర గ్రామ్ నెగటివ్‌ల టేబుల్ వాడుకుంటున్నారు, అందుకని మీ పేపర్‌లో ఎస్ (లొంగుతుంది), ఆర్ (లొంగదు) అని అక్షరాలు మాత్రమే వేయకుండా అసలు ఎంఐసి నంబర్ కూడా ఇవ్వండి, రేపు బ్రేక్‌పాయింట్ మారినా మీ డేటా పనికొస్తుంది. మినోసైక్లిన్ తప్పకుండా ప్యానెల్‌లో ఉండాలి, చాలా స్ట్రెయిన్‌లు దానికి లొంగుతాయి. వాంకోమైసిన్ వింత కథ, అది గ్రామ్ పాజిటివ్‌ల మందు, అయినా దీని మీద వాడిన కేసులు ఉన్నాయి, కానీ ఎంఐసిలు చాలాసార్లు గ్రామ్ పాజిటివ్‌లకి పెట్టుకున్న గీతకి పైనే వస్తాయి, కాబట్టి నంబర్ రాసి ఊరుకోండి, పనిచేస్తుంది అని మాత్రం రాయకండి.

డీఎన్‌ఏ, సీక్వెన్సింగ్ త్వరగా చెప్పేస్తా. మామూలు కాలమ్ కిట్ చాలు, డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే 260/280 నిష్పత్తి 1.8 నుంచి 2.0 మధ్య రావాలి, ఎంత ఉందో మాత్రం నానోడ్రాప్‌తో కాకుండా క్యూబిట్‌తో కొలవండి. ఎంత డేటా అడగాలో లెక్క ఇదీ: జీనోమ్ 40 లక్షల బేస్‌లు, 100 రెట్లు కవరేజ్ (ఒక్కో బేస్‌ని సగటున వందసార్లు చదవడం) కావాలంటే 40 కోట్ల బేస్‌లు, ఇల్యూమినాలో 150 చొప్పున అటూ ఇటూ చదివితే ఒక జతకి 300, అంటే సుమారు 13 లక్షల 30 వేల జతలు. సర్వీస్ ప్రొవైడర్ "శాంపిల్‌కి ఒక జీబీ ఇస్తాం" (వంద కోట్ల బేస్‌లు) అంటే అది రెండున్నర రెట్లు ఎక్కువే, బేరమాడి ఆ డబ్బుతో ఇంకో రెండు ఐసొలేట్లు (శాంపిల్ నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) పంపుకోవచ్చు. ఒకటి రెండు ముఖ్యమైన ఐసొలేట్లకి మాత్రం నానోపోర్ (పొడుగు ముక్కలు చదివే పద్ధతి) కూడా చేయించండి, ఎందుకో కింద మొబైల్ ఎలిమెంట్ దగ్గర చెప్తా.

రీడ్స్ (మెషిన్ చదివిన డీఎన్‌ఏ ముక్కలు) వచ్చాక ఫాస్ట్‌పీతో అడాప్టర్లు కోసేయండి, క్రాకెన్2లో వేసి పక్కవాడెవడైనా ఉన్నాడా చూడండి, స్పేడ్స్ లేదా షోవిల్‌తో అసెంబ్లీ, నానోపోర్ ఉంటే ఫ్లై. క్వాస్ట్‌లో మొత్తం సైజు 40 లక్షల దగ్గర్లో, జీసీ (జీ, సీ అక్షరాల వాటా) 35, 36 శాతం దగ్గర్లో ఉందా, చెక్ఎంలో కంటామినేషన్ తక్కువగా ఉందా, ఈ మూడూ చూసి ముందుకెళ్లండి. సర్వర్ లేదని ఆగక్కర్లేదు, గెలాక్సీ అనే ఉచిత వెబ్ సర్వర్‌లో ఈ టూల్స్ దాదాపు అన్నీ ఉన్నాయి, జిల్లా కాలేజీలో ఉన్న స్టూడెంట్ కూడా మామూలు ల్యాప్‌టాప్‌తో చేసుకోవచ్చు. ఏ టూల్, ఏ వెర్షన్, డేటాబేస్ ఏ తేదీది అన్నది ఆ రోజే నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆరు నెలల తర్వాత రివ్యూయర్ అడిగినప్పుడు గుర్తుండదు.

ఇప్పుడు అసలు సంగతి, రెసిస్టెన్స్ జీన్స్.

కనీసం రెండు టూల్స్ వాడండి. ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్ ప్రోటీన్ స్థాయిలో చూస్తుంది, అబ్రికేట్ డీఎన్‌ఏ స్థాయిలో చూస్తుంది, ఇలాంటి కొత్త బ్యాక్టీరియాలో జీన్ వేరియంట్లు డేటాబేస్‌లో ఉన్నదానికి కొంచెం దూరంగా ఉంటాయి కాబట్టి ప్రోటీన్‌తో వెతికితేనే దొరికేవి కొన్ని ఉంటాయి. రెస్‌ఫైండర్ వెబ్‌లో మామూలుగా 90 శాతం పోలిక, 60 శాతం పొడవు అని పెట్టి ఉంటుంది, దాన్ని అలాగే వదిలేసి "జీన్ లేదు" అని తేల్చేయకండి, కొంచెం దించి చూడండి. అదే కార్డ్ ఆర్‌జీఐ అనే ఇంకో టూల్‌లో లూజ్ అన్న వర్గం ఉంటుంది, అది ఆన్ చేస్తే వందల కొద్దీ జీన్స్ వస్తాయి, వాటిని పేపర్‌లో పెడితే చూడ్డానికి ఘనంగా ఉంటుంది కానీ అవి చాలావరకు దూరపు చుట్టాలు, ఇంటి మామూలు పని చేసుకునే పంపులూ ఎంజైములూ. స్ట్రిక్ట్, పర్ఫెక్ట్ వరకే నమ్మండి.

ఎలిజబెత్కింగియాలో మీకు తప్పకుండా కనపడేవి మూడు. బ్లా-బి, బ్లా-గోబ్ అని రెండు మెటాలో బీటా లాక్టమేజ్‌లు (పెన్సిలిన్ కోవ మందుల్ని కోసే ఎంజైములు), జింక్ పట్టుకుని పనిచేసేవి, వాటితోపాటు సీఎంఈ అనే ఈఎస్‌బీఎల్ (అలాంటిదే ఇంకో రకం ఎంజైము). రెండు వేరువేరు మెటాలో ఎంజైములు క్రోమోజోమ్‌లోనే ఉండటం ఈ జీనస్ ప్రత్యేకత. మెటాలో ఎంజైములు కార్బపెనెమ్‌లని కోసేస్తాయి, క్లావులనేట్, అవిబాక్టమ్ లాంటి ఇన్హిబిటర్లు వాటిని ఆపలేవు, అజ్‌ట్రియోనామ్‌ని మాత్రం అవి ముట్టుకోలేవు, కానీ దాని సంగతి చూడ్డానికి సీఎంఈ ఉంది. ఇలా ఒకదానికొకటి తోడుగా నిలబడ్డాయి.

ఇక్కడే జాగ్రత్త. ఈ జీన్స్ దాదాపు అన్ని స్ట్రెయిన్‌లలో ఉంటాయి, కాబట్టి "మా ఐసొలేట్లు వంద శాతం కార్బపెనెమేజ్ పాజిటివ్" అని హెడ్డింగ్ పెడితే చదివేవాళ్లు ఎన్‌డీఎమ్ (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకే కార్బపెనెమేజ్) లాంటిది వార్డులో పాకుతోందని భయపడతారు. ఇది వంశపారంపర్యం, అంటుకున్నది కాదు. టేబుల్‌లో రెండు కాలమ్‌లు పెట్టండి, ఒకటి ఆ జాతికి సహజంగా ఉన్నవి, రెండోది బయటినుంచి సంపాదించుకున్నవి, అంతే. ఇంకో విషయం, జీన్ ఉన్నంతమాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. మెనింగోసెప్టికా మీద 2012లో వచ్చిన ఒక స్టడీలో బ్లా-బి, గోబ్ రెండూ ఉన్నా కార్బపెనెమ్‌ని తట్టుకునే పని చేస్తున్నది బ్లా-బి అని చూపించారు. లిస్ట్‌లో రెండు పేర్లూ ఒకే అక్షరాల్లో, ఒకే సైజులో కనపడతాయి, లోపల ఒకటే కూలి చేస్తోంది. మీ దగ్గర ఆర్ఎన్ఏ పని చేసే వీలుంటే దీన్ని చూడండి, లేకపోతే "ఉంది" అని రాయండి, "కారణం" అని రాయకండి.

లిస్ట్‌లో రానివి ఇంకో తలనొప్పి. ఫ్లోరోక్వినొలోన్ (సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు) రెసిస్టెన్స్‌కి చాలాసార్లు కొత్త జీన్ అక్కర్లేదు, ఆ మందు గురిపెట్టే జైర్-ఏ జీన్‌లో ఒక్క అక్షరం మారితే చాలు. టూల్స్‌లో ఇలాంటి పాయింట్ మ్యుటేషన్ల పట్టికలు ఈ కోలై, క్లెబ్సియెల్లా లాంటి పాతకాపుల కోసం తయారైనవి, అబ్రికేట్ అయితే అసలు చూడనే చూడదు. కాబట్టి ఇది చేత్తో చేయాల్సిందే. బక్టాతోనో ప్రొక్కాతోనో అన్నొటేషన్ (ఏ జీన్ ఎక్కడుందో గుర్తించడం) చేసి జైర్-ఏ ప్రోటీన్ తీయండి, ఈ కోలై జైర్-ఏతో పక్కపక్కన అలైన్ చేయండి, ఈ కోలై లెక్కలో 83వ స్థానానికి వెళ్లి చూడండి. అక్కడ సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే మామూలు, ఐసోల్యూసిన్ గానీ ఆర్జినిన్ గానీ ఉంటే ఎంఐసి టేబుల్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ గడి తెరవండి. రెండూ కలిశాయా, బాగుంది. ఎంఐసి పెద్దగా ఉండి 83లో సెరీనే ఉంటే 87వ స్థానం, తర్వాత పార్-సీ జీన్ చూడండి, అక్కడా ఏమీ లేకపోతే ఎఫ్లక్స్ పంపులు (మందుని బయటికి తోసేసేవి) అయి ఉండొచ్చు అని మాత్రమే అనగలం.

సెరీన్ కోడాన్ (ఆ అమైనో ఆమ్లానికి గుర్తైన మూడు డీఎన్‌ఏ అక్షరాలు) ఏజీసీ అనుకుందాం. మధ్యలో జీ పోయి టీ వస్తే ఏటీసీ, అది ఐసోల్యూసిన్. చివరి సీ పోయి ఏ వస్తే ఏజీఏ, అది ఆర్జినిన్. ఈ రెండు మార్పులూ ఒకే కోవకి చెందినవి, జీ-సీ జత ఉన్నచోట టీ-ఏ జత వచ్చి కూర్చోవడం. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, అమెరికా కథలో మళ్లీ వస్తుంది.

విస్కాన్సిన్ రాష్ట్రంలో 2015 చివర్నుంచి 2016 దాకా అనోఫెలిస్ ఔట్‌బ్రేక్ వచ్చింది, ఆ ఒక్క రాష్ట్రంలోనే 63 కన్ఫర్మ్ కేసులు, 18 మంది చనిపోయారు, ఎక్కువమంది 65 దాటినవాళ్లు, వేరే జబ్బులున్నవాళ్లు. నీళ్లు, మందులు, క్రీములు అన్నీ వెతికినా ఎక్కడ్నుంచి వచ్చిందో దొరకలేదు. జీనోమ్ చూసినవాళ్లకి మాత్రం ఒక వింత కనపడింది, 2017లో అచ్చయింది అది. అన్నీ ఒకే స్ట్రెయిన్, కానీ మ్యుటేషన్లు మామూలు కంటే చాలా వేగంగా పోగవుతున్నాయి. కారణం మ్యూట్-వై అనే జీన్, డీఎన్‌ఏ రిపేర్ చేసేది, దాని మధ్యలోకి ఒక ఐసీఈ, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకగలిగే డీఎన్‌ఏ ముక్క, వచ్చి దూరి దాన్ని విరిచేసింది. ఆక్సిజన్ దెబ్బకి పాడైన జీ ఎదురుగా పొరపాటున ఏ కూర్చుంటే దాన్ని పీకేసే పని మ్యూట్-వైది, అది లేకపోతే జీ-సీ ఉన్నచోట టీ-ఏ అయిపోతుంది. ఇప్పుడు పైన జైర్-ఏ కోడాన్ మళ్లీ చూడండి. రిపేర్ మేస్త్రీ లేని స్ట్రెయిన్‌కి ఆ రకం తప్పులే ఎక్కువ జరుగుతాయి, ఆ రకం తప్పే ఫ్లోరోక్వినొలోన్‌ని తప్పించుకునే దారి కూడా. నేను మొదటిసారి కాగితం మీద ఆ మూడక్షరాలు రాసుకుని చూసినప్పుడు చాలాసేపు అలాగే కూర్చుండిపోయా. ఏ రెసిస్టెన్స్ డేటాబేస్‌లోనూ మ్యూట్-వై ఉండదు, ఎందుకంటే అది రెసిస్టెన్స్ జీన్ కాదు.

కాబట్టి మీ ఐసొలేట్లలో కూడా మ్యూట్-వై పూర్తిగా ఉందా చూడండి. ఇల్యూమినా ఒక్కటే ఉంటే ఇక్కడ చిక్కొస్తుంది, ఐసీఈల చివర్లలో అసెంబ్లీ తెగిపోతుంది, జీన్ నిజంగా విరిగిందా, మన అసెంబ్లీ విరిగిందా తెలీదు. నానోపోర్ చేయించండి అన్నది ఇందుకే, పొడుగు రీడ్ అటు చివర్నుంచి ఇటు చివరిదాకా దాటి వెళ్తుంది. బయటినుంచి వచ్చిన రెసిస్టెన్స్ జీన్ ఏదైనా దొరికితే, టెట్రాసైక్లిన్‌దో మాక్రోలైడ్‌దో, దానికి అటూ ఇటూ ఏమున్నాయో కూడా ఇదే పద్ధతిలో చూడండి, పక్కన ఇంటిగ్రేజ్, రిలాక్సేజ్ (డీఎన్‌ఏ ముక్క దూకడానికి తోడ్పడే ఎంజైములు) కనపడితే అది కదిలే బండి మీద కూర్చుని ఉందన్నమాట, ఆ సంగతి తప్పకుండా రాయాలి.

ట్రీ (ఐసొలేట్ల వంశవృక్షం) వేసేటప్పుడు దగ్గరి రిఫరెన్స్ తీసుకుని స్నిప్పీతో స్నిప్స్ (ఒక్క అక్షరం తేడాలు) తీసి, గబ్బిన్స్‌తో రీకాంబినేషన్ ముక్కలు (బయటినుంచి వచ్చి కలిసిన డీఎన్‌ఏ) తీసేసి, ఐక్యూ ట్రీలో వేయండి. వేరే బ్యాక్టీరియా మీద రాసిన పేపర్‌లోంచి "ఇన్ని స్నిప్స్ లోపు ఉంటే ఒకే ఔట్‌బ్రేక్" అన్న గీత తెచ్చి ఇక్కడ పెట్టకండి, మ్యూటేటర్ స్ట్రెయిన్ అయితే ఒకే వార్డు ఐసొలేట్ల మధ్య కూడా తేడాలు ఎక్కువే వస్తాయి, మీరు సంబంధం లేదని తేల్చేస్తే సింకు అలాగే ఉండిపోతుంది. స్నిప్స్ లెక్కపెట్టడమే కాదు, ఏ రకం మార్పులో విడగొట్టి చూడండి, జీ నుంచి టీ, సీ నుంచి ఏ మరీ ఎక్కువగా ఉంటే వెంటనే మ్యూట్-వై దగ్గరికి వెళ్లండి.

డేటా దాచుకోకండి. రా రీడ్స్ ఎన్‌సీబీఐ ఎస్ఆర్ఏలో గానీ, ఫరీదాబాద్‌లో ఉన్న ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో గానీ పెట్టండి, ఐసొలేట్ తీసిన నెల, సంవత్సరం, ఊరు, అది రక్తమా సీఎస్ఎఫ్ (వెన్నునీరు) నా సింకా, ఎంఐసి నంబర్లు, అన్నీ జతచేసి. పేషెంట్ పేరు, ఐపీ నంబర్ ఎక్కడా ఉండకూడదు, ఫైల్ పేర్లలో కూడా, ఇది మర్చిపోయి హాస్పిటల్ నంబర్‌నే శాంపిల్ పేరుగా పెట్టినవాళ్లని చూశా. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి, పని అయిపోయాక అడిగితే ఇవ్వరు.

ఇంకోటి, రిజల్ట్ వచ్చిన రోజే ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌కి ఫోన్ చేయండి, పేపర్ అచ్చయ్యేదాకా ఆగకండి. ట్రీలో రెండు బెడ్ల ఐసొలేట్లు పక్కపక్కన కూర్చున్నాయంటే, ఆ రెండు బెడ్లకీ దగ్గర్లో ఉన్న సింకు ఏదో ఆవిడకే బాగా తెలుసు. ట్యాప్ చివర ఉండే జల్లెడ విప్పించి లోపలివైపు స్వాబ్ తీసుకోండి, సింగపూర్‌లో బ్యాక్టీరియా దొరికింది కూడా అలాంటి చోటే, ఆ స్వాబ్ తెచ్చి మళ్లీ బ్లడ్ ఆగర్ మీద స్ట్రీక్ చేయండి, ఈసారి కూడా ఒక్క కాలనీయే, రెండుసార్లు.